కలగూరగంప బిల్లు

"ఒక్క ముక్కే గదా, నోటికి పట్టదా ఏంది?" అన్నాడు ప్రభాకరరావు, అట్ల పళ్లెం ముందుకు తోస్తూ.

ప్రసన్న పెనం మీది అట్టు తిరగేసింది. ఆ ముక్క నిన్ననే నోటికొచ్చింది. 'బిల్లు మొత్తం మా మండలానికి సమ్మతమే, భార్య సంతకం క్లాజు తప్ప.' నరసరావుపేటలో శాసనసభ కమిటీ ముందు ఈ పూట ఆమె చెప్పాల్సింది ఇంతే. చెప్పి, దణ్ణం పెట్టి కూర్చోవాలి. నోటికొచ్చిందే గాని మనసు రావడం లేదు. అట్టు కాస్తా మాడింది.

ఎంపీపీ పదవి ఆడవాళ్లకు రిజర్వయిందని ఆమెను నిలబెట్టారు. గెలిచింది ప్రసన్న, ఎంపీపీ గారయింది మాత్రం ఆమె మొగుడు ప్రభాకరరావు. మండల పరిషత్ ఆఫీసులో కుర్చీ ఆయనది, మైకు ఆయనది, దండలు ఆయనవి. మీటింగ్ అయిపోయాక అటెండరు యల్లమంద మినిట్స్ పుస్తకం సంచిలో పెట్టుకుని ఇంటికొస్తాడు. వంటింటి గడప అవతల నిలబడి "అమ్మా, తమరి సంతకం" అంటాడు. ఆమె పిండి చేతులు కొంగుకు తుడుచుకుని, పొయ్యి గట్టు మీదే పుస్తకం పెట్టి సంతకం చేస్తుంది. ఒకసారి "ఏం తీర్మానం యల్లమందా?" అని అడిగింది. పాపం, అతను బిత్తరపోయి "అయ్యగారికి తెలుసమ్మా" అన్నాడు. పక్కగదిలోంచి అత్త కోటమ్మ అందుకుంది. "అన్నీ అడిగి పెట్టేదానివైతే కలెక్టరు ఉద్యోగమే చెయ్యకపోయావా? పప్పు పొంగుద్ది, చూడవే." ప్రసన్న పప్పు చూసుకుంది. చూసుకోవడం ఆమెకు అలవాటే.

ఇప్పుడొచ్చిన బిల్లు మామూలుది కాదు. బడుల విలీనం, కాలవ నీళ్లు, మందు షాపులు, ఇళ్ల స్థలాలు, పింఛన్లు, కరెంటు మీటర్లు, పంచాయతీ నిధులు, ఒకటేమిటి, అన్నీ తెచ్చి ఒకే బిల్లులో కుక్కారు. జనం దానికి కలగూరగంప బిల్లని పేరు పెట్టేశారు. అభిప్రాయం చెప్పమని మండలాలకు పంపిన ఆ లావుపాటి ప్రతి ప్రభాకరరావు మంచం పక్క స్టూలు మీద ఉంటుంది. దానిమీద ఫోన్ ఛార్జింగ్ పెట్టుకుంటాడు. పేజీ తిప్పిన పాపాన పోలేదు. ఆమాటకొస్తే మండలంలో ఎవరూ తిప్పలేదు.

అయితే ఒక్క క్లాజు మాత్రం వాట్సాప్‌లో ఊరూరా తిరిగింది. పొలం అమ్మాలన్నా, తాకట్టు పెట్టాలన్నా భార్య సంతకం కూడా ఉండాలట. ఇంకేముంది, పెద్దమనుషులంతా వీళ్ల వసారాలో చేరారు. బడి పోతే పోనీ అన్నారు. నీళ్ల సంగతి తర్వాత చూద్దామన్నారు. "పెళ్లాం కాళ్లు పట్టుకుని పొలం అమ్ముకోవాలా?" అని మాత్రం గొంతులు చించుకున్నారు. టీ గ్లాసులు అందిస్తున్న ప్రసన్న వైపు ఒక్కరూ చూడలేదు. ఆ సాయంత్రమే తీర్మానం రాశారు, మర్నాడు పొద్దున వంటింట్లో సంతకం పెట్టించుకున్నారు.

తీర్మానంలో ఏముందో ఆమెకు ఈసారి తెలుసు. తెలిసీ పెట్టింది. అదే ఆమెను తొలిచేస్తోంది.

కాలవ కింద ఎకరంనర మిరప చేను ఉంది. పేరుకు ఆయనదే గాని, ఆ నల్లమట్టికి తెలిసిన కాళ్లు ప్రసన్నవి. నారు పోసేది, కూలీలను మాట్లాడేది, వాళ్లతోపాటు వంగి కాయ కోసేది, కల్లంలో తాలు కాయలు ఏరేది ఆమె. కోతల రోజుల్లో చేతులు భగభగా మండితే మజ్జిగలో ముంచుకుని కూర్చుంటుంది. "తాగే మజ్జిగ దండగ చేస్తన్నావు" అని కోటమ్మ సణుగుతుంది. కిందటి వారం అన్నం తింటూ ప్రభాకరరావు చల్లగా చెప్పాడు. "జడ్పీటీసీకి నిలబడాలంటే ఉత్త చేతుల్తో అవుద్దా? కాలవ చేను బేరం పెట్టా. కోతలయ్యాక రిజిస్ట్రేషన్."

"నన్నొక మాట అడగలేదే?"

"నిన్నడిగేదేంది? పాసుపుస్తకంలో నీ పేరుందా?"

కోతల లోపు బిల్లు నెగ్గితే, పేరు లేకపోయినా ఆమె సంతకం కావాల్సొస్తుంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు, అందుకే ఇంత తొందర. మండలమంతటికీ నా సంతకం కావాలి, నేను చాకిరీ చేసిన చేనుకు మాత్రం అక్కర్లేదు! ఈ పూట కారెక్కింది మొదలు నకరికల్లు దాటేదాకా అదే మాట లోపల తిరిగింది. మొదట ఏడుపొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. నరసరావుపేట వచ్చేసరికి రెండూ పోయి, మనసు గట్టిపడింది.

హాల్లో ఎంపీపీల పేర్లతో బల్లల మీద అట్టలు పెట్టారు. ప్రభాకరరావు తిన్నగా పోయి 'శ్రీమతి ప్రసన్న' అన్న అట్ట వెనక కుర్చీలో దర్జాగా కూర్చున్నాడు.

"తమరెవరండీ?" అన్నాడు అక్కడి ఉద్యోగి.

"ఎంపీపీని" అన్నాడు ఈయన, రోజూ అన్నట్టే.

హాలంతా గొల్లున నవ్వింది. ఇంటివాళ్లు వెనక వరసల్లో కూర్చోవాలని ఉద్యోగి చెప్పాడు. ప్రభాకరరావు లేస్తూ ఆమె చెవి దగ్గర "ఆ ముక్క చెప్పి కూర్చో, అతి చెయ్యమాక" అని గొణిగాడు.

ఆమె వంతు వచ్చింది. మైకు ఎక్కడ నొక్కాలో తెలియక పక్క మండలం ఎంపీపీని అడిగి నొక్కింది.

"అయ్యా, మా మండలంలో ఈ బిల్లు ఎవరూ చదవలేదండీ. నేనూ చదవలా. బడి ఎత్తేస్తారో, నీళ్లు ఆపుతారో మాకు తెలవదు. మేం చదివింది భార్య సంతకం క్లాజు ఒక్కటే. చదివిన దానికే సమ్మతి చెప్పగలం గదా? అది ఉండాలి. మిగతాది చదువుకునేందుకు గడువివ్వండి."

వెనక కుర్చీ కిర్రుమంది. "తప్ప అనాలి సార్, తడబడింది!" ప్రభాకరరావు గొంతు.

కమిటీ పెద్దాయన కళ్లజోడు సర్దుకుని ముందున్న కాగితం చూశాడు. "ఇదేంటమ్మా, మీ తీర్మానంలో ఆ క్లాజు వద్దని ఉంది. కింద సంతకం మీదే కదా?"

ప్రసన్న వెనక్కి తిరిగి చూడలేదు. మైకు కొంచెం దగ్గరకు లాక్కుంది.

"సంతకం నాదేనండీ, మాటే నాది కాదు. ఇప్పుడు చెప్పింది నా మాట. రాయించండి, సంతకం పెట్టే ఇంటికి పోతా."