గొర్రెల బడిలో మేకపిల్ల

తాండూరు దగ్గర నాపరాళ్ల గనులను ఆనుకుని ఉన్న ఆ పల్లెలో, బడి గంట కొట్టాక కూడా ఏ వాకిట చూసినా బడి ఈడు పిల్లలే కనబడేవారు. ఒకరి చంకన చంటిపిల్ల, ఒకరి చేతిలో మేకలను అదిలించే కర్ర. ఎవరికీ అది వింతగా తోచేది కాదు.

1978లో వికారాబాదు నుంచి అరుణాదేవి వచ్చింది. ఆమె ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే ఉద్యోగి. పిల్లలు చదువు ఎందుకు మానేస్తున్నారో తెలుసుకుని తాండూరులో జరిగే ఉపాధ్యాయుల సభలో చెప్పాలి. ఇల్లిల్లూ తిరిగి అడిగింది. "ఇంట్ల పనుంటదమ్మా" అన్నారు అందరూ. బడి పంతులు శివయ్య కూడా తేల్చి చెప్పాడు: "వీళ్లకు చదువు మీద ధ్యాస లేదు మేడం. అంతే రాసుకోండి."

రాసుకుంది గాని, ఆమెకు మనసొప్పలేదు.

తిరుగు బస్సు ఆలస్యమైతే రహీమాబీ అనే గని కూలీ ఆమెను తన ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. "నా బిడ్డ షమ్సున్నీసా మూడో తరగతిలనే బడి బంజేసింది. రంజాన్ పండుగైనంక గుల్బర్గాల మా చెల్లె ఇంటికి పనికి తోలిస్త" అని చెప్పింది.

ఆ పిల్ల అప్పుడు వాకిట్లో తమ్ముణ్ని ఒళ్లో పెట్టుకుని కథ చెబుతోంది.

"ఒక మేకపిల్ల గొర్రెల బడికి పోయిందంట. గడ్డి ఏడున్నదని గొర్రె పంతులు అడిగిండంట. మేకపిల్లకు ఎర్కే. 'మే' అని చెప్పింది. 'బే' అనాలె అని గొర్రెలన్ని ఒక్కటే నవ్వుడు. పంతులు గూడ నవ్విండు."

అరుణాదేవి చాయ్ పక్కన పెట్టింది. "తర్వాత ఏమైంది తల్లీ?"

"ఏమైతది? ఇంటికొచ్చింది. తమ్ముణ్ని ఆడిపిస్తున్నది."

అరుణాదేవి ఆ పిల్ల పక్కన చతికిలబడింది. మెల్లమెల్లగా అసలు సంగతి బయటికొచ్చింది. పిట్ట గూడెందుకు కడుతుందని ఒకనాడు శివయ్య అడిగాడు. 'గుడ్లు' అనే మాట సమయానికి తోచక, ఇంట్లో అనే ఉర్దూ మాటతో "అండే పెట్టనీకి సార్" అంది షమ్సున్నీసా. తరగతంతా గొల్లుమంది. ఆనాటి నుంచి ఆమె పేరు అండేబీ అయింది.

అరుణాదేవి బస్సు పోనిచ్చి ఊళ్లోనే ఉండిపోయింది. మర్నాటి నుంచి ఆమె ఏ పిల్లనూ బడికెందుకు రావని అడగలేదు. "బడిల జరిగిందేదన్న కథ లెక్క చెప్పు" అంది. పక్కింటి మల్లయ్య కూతురు పద్మమ్మ, నల్లబల్ల మీది అక్షరాలు మబ్బుల్లా కనబడే ఒక రాజకుమారి కథ చెప్పింది. ఆ పిల్లకు చూపు ఆనదని కన్నతండ్రికే తెలియదు.

ఆదివారం అరుణాదేవి శివయ్యను రహీమాబీ ఇంటికి పిలిచింది. షమ్సున్నీసా తల్లి కొంగు చాటున నిలబడి మేకపిల్ల కథ చెప్పింది. మొదట్లో శివయ్య కడుపుబ్బ నవ్వాడు. చివరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

"ఆ గొర్రె పంతులు నేనే కదా మేడం?" అన్నాడు.

శివయ్య పిల్లవైపు తిరిగాడు. "రేపు గీ కథ మన బడిల చెప్తవా బిడ్డా?"

"ఏ మాటల్ల చెప్పాలె సార్?"

"నీకొచ్చిన మాటల్ల చెప్పు. తెల్వని మాటుంటే మేము నిన్నే అడుగుతం."

షమ్సున్నీసా తల్లి ముఖం చూసింది. రహీమాబీ బిడ్డ తల నిమిరి, "గుల్బర్గా యాడికి పోతది? జర ఆగి చూస్త" అంది.

అందరూ బడికి తిరిగి రాలేదు. పద్మమ్మకు కళ్లద్దాలు వచ్చేసరికే ఆమెను యాలాల్‌లో ఒకరి పొలం పనికి కుదిర్చారు. షమ్సున్నీసా మాత్రం వచ్చింది. ఆమె వెంట మరికొందరు వచ్చారు. శనివారం మధ్యాహ్నం పిల్లల కథలు వినడం శివయ్యకు అలవాటైంది.

తాండూరు సభలో అరుణాదేవి ఈ సంగతులన్నీ చెబుతుంటే ఒక పెద్దాయన అడ్డుపడ్డాడు. "లెక్కలు చెప్పమంటే కథలు చెబుతారేమమ్మా?"

ఆమె నెమ్మదిగానే బదులిచ్చింది. "ఎంతమంది పిల్లలు బడి మానేశారో లెక్కలు చెబుతాయండీ. బడి వాళ్లను ఎలా వదులుకుందో వాళ్ల కథలే చెబుతాయి. ప్రతి బిడ్డకూ చోటున్న బడి కావాలంటే, మనం పాఠం చెప్పడానికి ముందు ఆ బిడ్డ మాట వినడం నేర్చుకోవాలి."