కోటు అరిగిన చోటు

సింకు ముందు నిలబడి గిన్నెలు తోముతుంటే నా పొట్ట తడుస్తుంది. గట్టు అంచు అక్కడే తగులుతుంది. "గిన్నెలు తోముతున్నావా, నువ్వు స్నానం చేస్తున్నావా?" అంటారు మా ఆయన. పెళ్ళయిన కొత్తలో అన్న మాట. ఇప్పటికీ అదే మాట, అదే నవ్వు. ఇంట్లో వేసుకునే నా గౌన్లన్నీ ముందు అక్కడే అరుగుతాయి. మోచేతులు బాగుంటాయి, భుజాలు బాగుంటాయి. పొట్ట దగ్గర మాత్రం అవతలి వెలుగు కనిపిస్తుంది.

నా ఉద్యోగం కూడా అరగదీయడమే. సినిమాలకు బట్టలు కుట్టే షెడ్డులో కొత్త బట్టను పాతదిగా చేస్తాను. గరుకు కాగితం, ఇనప బ్రష్షు, టీ డికాషన్, మట్టి. చెయ్యి తిరిగితే ఒక్క పూటలో పదేళ్ళ పాతది చెయ్యొచ్చు. ప్రపంచం నాశనమైపోయాక మిగిలిన కొద్దిమంది నీళ్ళ కోసం, పెట్రోలు కోసం బళ్ళ మీద కొట్టుకునే సినిమా ఒకటుంది. రెండు భాగాలు వచ్చాయి. మూడో భాగానికి మా షెడ్డు మాస్టారు ఒక ఆడమనిషి కోటు తెచ్చి నా ముందు పడేశారు. మైనం పట్టించిన దళసరి గుడ్డ. "ఎనిమిదేళ్ళు ఒంటి మీంచి తియ్యలేదనుకో అమ్మాయ్. హీరో దళానికి వంట చేసిపెట్టేది. తర్వాత బండి తనే నడుపుతుంది" అన్నారు. ఎక్కడ అరగాలో చెప్పలేదు. ఎనిమిదేళ్ళు వంట చేసిన మనిషి. నేను ఆలోచించలేదు. చెయ్యి దానంతటదే పొట్ట దగ్గరికి పోయింది. నా గౌను పక్కన పెట్టుకుని, చూసి మరీ, జానెడు మేర అరగదీశాను. ఇన్నేళ్ళలో చేసిన వాటిల్లో నాది అనిపించింది అదొక్కటే.

సినిమా వచ్చింది. పాత హీరో ఇంటర్వెల్ కాకముందే చచ్చిపోతాడు. వంటమనిషి స్టీరింగ్ పట్టుకుంటుంది. దాంతో ఊరు రెండు ముక్కలైంది. మా ఇల్లు కూడా. సిరీస్‌ను ముంచేశారని మా ఆయన అన్నారు. మా మరిది అన్నిటికన్నా ఇదే గొప్ప అన్నాడు. ఆడమనిషి బండి నడపడం అతనికి బాగా నచ్చింది. తిన్న కంచం మాత్రం తీసి సింకులో వెయ్యడు. భోజనాల దగ్గర మొదలైన గొడవ తిట్ల దాకా పోయి, అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు. ప్రపంచం అంతమయ్యాక కూడా ఆ సినిమాలో జనం మాట్లాడుకుంటూనే ఉన్నారు. మా ఇంట్లో మాటలు మోసే పని నాకొచ్చింది. "రిమోట్ ఎక్కడ పెట్టాడో వాణ్ణి అడుగు" అని ఈయన. "సోఫా కింద చూసుకోమను వదినా" అని అతను. ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చునే. నేను చేతులు తుడుచుకుని వచ్చి, వంగి, తీసి ఇచ్చేదాన్ని.

ఒక్క విషయంలో ఇద్దరూ కలిశారు. కోటు. మా ఆయన ఫోన్‌లో బొమ్మ పెద్దది చేసి చూపించారు. "యుద్ధం చేసే మనిషికి మోచేతులు చిరగాలి. ఇదేంటి, పొట్ట దగ్గర అరిగింది? ఇది చేసినవాడెవడో గాని బుర్ర లేదు." మరిది అన్న వైపు తిరిగి, అదొక్కటీ నిజమే అన్నాడు. నాలుగు రోజుల తర్వాత అన్నదమ్ములకు మాట కలిసింది. చేసినవాడెవడో కాదు, నేను, అనాలి. నోటి దాకా వచ్చింది. షెడ్డులో నేనేం చేస్తానో ఆ ఇద్దరిలో ఒక్కరూ ఎప్పుడూ అడగలేదు. కుట్టుపని అనుకుంటారు. పక్కనే కూర్చున్న అత్తయ్య ఫోన్ తీసుకుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"గట్టు తగిలితే అక్కడే అరుగుతుంది" అంది.

"నీకేం తెలుసమ్మా, అది యుద్ధం సినిమా" అన్నారు మా ఆయన. ఆవిడ ఫోన్ ఇచ్చేసింది.

కోటు తప్పుగా అరిగిందన్న మాట మా ఇంట్లోనే కాదు, అంతటా అన్నారట. వారం తిరక్కుండా మాస్టారు ఆ కోటు మళ్ళీ తెచ్చారు. జనం నవ్వుతున్నారన్నారు. నాలుగో భాగానికి మోచేతులు చింపి, పొట్ట దగ్గరి ముక్క కత్తిరించి కొత్త గుడ్డ వెయ్యమన్నారు. ఆవిడ వంటమనిషి కదా మాస్టారూ అన్నాను. అంతవరకే అనగలిగాను. "అది జనానికి గుర్తుండదు అమ్మాయ్" అన్నారు. కోపంగా అనలేదు. కత్తెర నా చేతిలోనే ఉంది. కత్తిరించాను. మోచేతులు చింపాను. బాగా చింపాను. అదే నా పని.

తీసేసిన ముక్కను చెత్తలో వెయ్యలేదు. ఇంటికి తెచ్చి నా గౌనుకు పొట్ట దగ్గర వేసి కుట్టుకున్నాను. పైపైన అరిగింది గాని లోపలి మైనం పోలేదు. నీళ్ళు దిగలేదు. ఈ ఇంట్లో మొదటిసారి పొడిబట్టతో గిన్నెలు తోమాను. మా ఆయన ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చి, తర్వాతి భాగంలో కోటు మారుస్తున్నారట, మా మాట విన్నారు చూశావా అన్నారు. నా అతుకు ఆయనకు కనపడలేదు. విన్నారు అన్నాను.

ఆయన వెళ్ళాక అత్తయ్య వచ్చింది. కూరగాయలు కడిగి వచ్చిందేమో, ఆవిడ పొట్ట దగ్గరా తడిగా ఉంది. నా అతుకును వేలితో తడిమింది.

"నాకూ ఒకటి తెచ్చిపెట్టవే."

ఇంకొకటి లేదు అత్తయ్యా అన్నాను. ముక్క జానెడే. విప్పి, మధ్యకు కత్తిరించి, ఇద్దరి గౌన్లకూ చెరి సగం కుట్టాను.

ఇప్పుడు ఇద్దరం సగం సగం తడుస్తున్నాం.