వేలితో నొక్కిన తీగ

వెర్నా ఫ్రీసెన్ చేతి తొడుగులు వేసుకుని, టెస్సా కింది పెదవిని బొటనవేలితో మెల్లగా లాగి చూసింది. పళ్ళన్నీ బుద్ధిగా వరసలో ఉన్నాయి. మధ్యలో ఒకదానికి మాత్రం చిగురు జారిపోయి, పసుప్పచ్చని వేరు బయటపడింది.

బ్రాండన్ ఊళ్ళోని ఆ పళ్ళ క్లినిక్‌లోనే వెర్నా జుట్టు నెరిసింది. క్లిప్పులు తీశాక పళ్ళు మళ్ళీ వంకరపోకుండా వెనకవైపు సన్నని తీగ అతికించడం ఆమె పని. తీగ పంటి వంపుకి దానంతటదే ఒదగాలి. టెస్సా చిన్నప్పుడు అతికించినది ఒదగలేదు. బయట మంచు తుఫాను, లోపల ఇంటికి పోదామని పిల్లల గోల. మళ్ళీ వంచే ఓపిక లేక, వెర్నా దాన్ని వేలితో నొక్కిపట్టి జిగురు గట్టిపడనిచ్చింది. లోపల బిగువు దాచుకున్న ఆ తీగ ఇన్నేళ్ళూ పంటిని ఎముకలోంచి బయటికి తోసింది.

"ఈ తీగ తీశాక, పై అంతస్తు డాక్టరు అంగిట్లోంచి కండ తీసి ఇక్కడ కుడతాడట కదా?" అంది టెస్సా.

"కుడతాడు తల్లీ. కొన్నాళ్ళు సూపూ, ఐస్‌క్రీమే."

"గట్టిగా తోమి నా చేతులారా చేసుకున్నాను. గోడకి సున్నం కొట్టినట్టు తోముతావే అని మా అమ్మ ఒకటే సాధింపు."

పోయినసారి ఈ మాటే అంటే వెర్నా అవునని తలూపింది. ఛీ, ఏం మనిషిని అనుకుంటూ ఆ రోజు నుంచీ ముద్ద సరిగా మింగలేదు.

జిగురు చెక్కేసి తీగను ఊడదీసింది. పళ్ళెంలో పెట్టగానే అది మెలి తిరిగి పైకి లేచింది.

"చూడు. పంటిని తోసింది ఇదే. నీ తోముడు కాదు. సరిగా ఒదక్కపోయినా నేనే నొక్కి అతికించాను."

టెస్సా నాలుకతో పంటి వెనక తడుముకుంది. "పోయినసారి కూడా మీకు తెలుసా?"

"తెలుసు."

టెస్సా కోటు వేసుకుంది. చిన్నప్పటినుంచీ వెర్నా అయితేనే నోరు తెరుస్తానని పేచీ పెట్టిన పిల్ల. బయటి బల్ల దగ్గరి అమ్మాయితో మెల్లగానే చెప్పినా వెర్నాకి వినబడింది. "ఇకమీదట నన్ను వేరేవాళ్ళు చూస్తే బావుంటుంది."

తలుపు మూసుకున్నాక వెర్నా కుర్చీ తుడవబోయింది. టెస్సా సంచి ఆనించిన చోట ఆమె పళ్ళ బ్రష్ పడి ఉంది. చంటిపిల్లలకి వాడే మెత్తటి రకం. పిడి మీద బొమ్మ అరిగిపోయింది గాని, కుచ్చులో ఒక్క పోగైనా వంగలేదు.