బిళ్ళగన్నేరు పూల మీద నీడ

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు, ఎండలు ముదరకముందే, అంజనమ్మ పొద్దున్నే కెమెరా తీసుకుని దొరల చర్చికి పోవడం మొదలుపెట్టింది.

భర్త పోయి రెండేళ్లయింది. మద్రాసులో ప్లీడరు చదువు చదివేటప్పుడు ఆయన కొన్న డబ్బా కెమెరా అది. ఉన్నన్నాళ్లూ ఆమె పక్కన కూర్చుని ఓపికగా తీయడం నేర్పించినాడు.

ఇంట్లో పూలచెట్లు లేక కాదు. పెరట్లో మల్లెతీగ ఉంది, కనకాంబరాలున్నాయి. కానీ ఆమె వాటి పక్కన నిలబడితే చాలు, అత్త భీమమ్మ మొహం మాడ్చుకునేది. చర్చి వెనక పాత గోరీల మధ్య పూసే పూలను ఎవరూ కోయరు, ఎవరూ తలలో పెట్టుకోరు. ఆకులు రాల్చి కొమ్మల చివర పూసిన దేవగన్నేరు, గోరీల బీటల్లోంచి మొలిచిన బిళ్ళగన్నేరు, గోడ మీదంతా కాగితంపూలు. అక్కడ ఆమె ఎంతసేపు నిలబడినా అడిగేవాళ్లు లేరు.

భీమమ్మకు ఇది మింగుడుపడలేదు.

"పూలకు ఫోటోలేంది? అవేమన్నా పెండ్లికూతుర్లా?" అనింది చిన్నకొడుకు మద్దిలేటితో. "ఊరి నిండా కొత్త మొగాలు. ఆఫీసులోళ్లు, కాంట్రాక్టర్లు. ఎవుని కోసం పోతాండాదో పోయి చూసి రా."

మద్దిలేటికి వదినంటే గౌరవమే. అయినా అమ్మ మాట చెవిన పడినాక అన్నీ వేరేగా కనపడినాయి. ఆమె ఉతికిన చీర కట్టుకుంటే అనుమానం. కొంచెం ఆలస్యంగా వస్తే అనుమానం. చర్చి సందులో ఎవరిదో సైకిలు ఆనించి ఉంటే, అది ఎవరిదా అని అక్కడే నిలబడి చూసినాడు.

ఒక పొద్దున ఆమె వెనకాలే పోయినాడు. అంజనమ్మ ఒక గోరీ దగ్గర ఒంగి, తన నీడ పడకుండా పక్కకు జరిగి, కెమెరాలోకి చూస్తాండాది. చుట్టూ ఎవరూ లేరు. మద్దిలేటి ఆమె వెనక కాసేపు నిలబడి, చప్పుడు కాకుండా తిరిగొచ్చినాడు.

"ఎవరూ రాలేదమ్మా."

"ఈ పొద్దు రాలేదు," అనింది భీమమ్మ.

అక్కడికీ తృప్తి లేక, ఫిల్ము కడిగిన స్టూడియోకు కొడుకునే పంపించి ఫోటోలు తెప్పించింది. పడసాలలో కూర్చుని ఒక్కొక్కటే వెలుతురులో పట్టి చూసింది. దేవగన్నేరు. కాగితంపూలు. మళ్లీ దేవగన్నేరు. తరవాతి ఫోటో దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. బిళ్ళగన్నేరు పూల మీద అడ్డంగా ఒక మగమనిషి నీడ పడి ఉంది. తలకు రుమాలు చుట్టినట్లు స్పష్టంగా తెలుస్తాంది.

"అంజనమ్మా! ఎవుడే వీడు?"

అంజనమ్మ వచ్చి చూసింది. ఆమె మొహం పాలిపోయింది. "నాకు తెల్దత్తా. ఆడ ఎవురూ లేరు. నిజంగా ఎవురూ లేరు."

అత్త నమ్మలేదని కాదు ఆమె భయం. తనకు తెలియకుండా తన వెనక ఎవడో నిలబడినాడు.

"ఎవురూ లేకపోతే నీడ ఎట్లొచ్చె? చూడరా మద్దిలేటీ, రుమాలు కొస కూడా కుడిపక్కకు దిగింది."

మద్దిలేటి చెయ్యి తనకు తెలియకుండానే కుడి చెవి దగ్గరికి పోయింది. అక్కడ వేలాడుతున్న రుమాలు కొసను గబుక్కున లోపలికి దోపుకున్నాడు. అంజనమ్మ అది చూసింది.

"ఈ ఫోటో తీసిన పొద్దు నువ్వు యాడ ఉంటివి మద్దిలేటీ?" అని మెల్లగా అడిగింది.

"కోడుమూరుకు పోయింటి వదినా," అన్నాడు నేల చూస్తా.

భీమమ్మ కెమెరా గుంజుకుని పెట్టెలో పెట్టి తాళమేసింది. కోడల్ని మూడు రోజుల్లో బనగానపల్లెకు, పుట్టింటికి పంపిస్తానని తేల్చి చెప్పింది. ఆ మూడు రోజులూ అంజనమ్మ మరిదికి అన్నం పెట్టింది, నీళ్లిచ్చింది, మాట మాత్రం మాట్లాడలేదు. నిజం చెప్తే అమ్మ పరువు పోతుందని మద్దిలేటి అనుకున్నాడు. నిజానికి వదిన మొహం చూసే ధైర్యమే అతనికి లేదు.

జట్కా వచ్చి వాకిట్లో ఆగింది. అంజనమ్మ మూట అందులో పెట్టింది. అప్పుడు మద్దిలేటి నోరు తెరిచినాడు.

"అమ్మా, ఆ నీడ నాదే."

భీమమ్మ తెల్లబోయింది. "అంత దగ్గరికి ఎందుకు పోయినావురా?"

"నువ్వే కదమ్మా పంపిస్తివి."

భీమమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. లోపలికి పోయి, పెట్టె తెరిచి, కెమెరా తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. "మూట దించుకో," అనింది, ఎక్కడో చూస్తా.

"ఉండనీ అత్తా. పోయొస్తా."

బస్టాండు దాకా మద్దిలేటి జట్కా వెంట నడిచినాడు. మూట బస్సు మీదికెక్కించి, కిటికీ దగ్గరికొచ్చి నిలబడినాడు.

"తప్పయిపోయింది వదినా."

"నీడ పడిందని కాదప్పా నాకు కోపం," అనింది అంజనమ్మ. "ఆయమ్మ నన్ను అంతంత మాటలంటాంటే, నువ్వు పక్కనే నిలబడి వింటాంటివి."

"మళ్ళెప్పుడొస్తావు?" అని మాత్రం అడగగలిగినాడు.

"మా ఊర్లో మామిడికాపు అయిపోనీ. చూద్దాం."

బస్సు కదిలింది. ఓర్వకల్లు గుట్టలు దాటేదాకా ఆమె ఒళ్లో కెమెరాను రెండు చేతుల్తో గట్టిగా పట్టుకునే కూర్చుంది. ఆ తరవాత ఎప్పుడో నిద్ర పట్టింది.