రెండు షాపులకు వెళ్లిన చీటీ

మూర్ఛ మాత్ర ఒక్కరోజు తప్పినా అమ్మ పడిపోతుంది. ఆ మాత్ర దొరికేది రెండే రెండు షాపుల్లో. ఆసుపత్రి ఎదురుగా ఒకటి, మార్కెట్ మూల మీద ఒకటి, రెండింటికీ యజమాని ఒకడే. అక్కడైనా సరుకు చాలీచాలకుండానే వస్తుంది. అందుకే డాక్టరు రాసిన చీటీని ఫోటో తీసి ముందుగానే షాపు ఫోనుకు పంపాలి. పంపినవాళ్లకి ప్యాకెట్ కట్టి, పేరు రాసి అరలో పెడతారు. పంపకుండా వెళ్లినవాళ్లు చేతులూపుకుంటూ తిరిగి రావాల్సిందే.

ఇంట్లో ఉండేది అమ్మ, అక్క, తమ్ముడు. చీటీ పంపే పని తమ్ముడిది. వాడి సంగతి ఏం చెప్పాలి! ఏ పని చెప్పినా "రేపు" అంటాడని అమ్మే వాడికి రేపటయ్య అని పేరు పెట్టింది. పోయిన నెల వాడు చీటీ పంపకుండా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. అమ్మ వంటగదిలో పడి నుదురు చిట్లింది. ఆ కుట్లు చూసినప్పుడల్లా అక్కకు ఒళ్లు మండిపోయేది. వీణ్ణి నమ్ముకుంటే కొంప మునుగుతుందనుకుని, ఈసారి గుట్టుచప్పుడు కాకుండా తనే మార్కెట్ మూల షాపుకు చీటీ పంపేసింది.

ఇంట్లో మాత్రలు అయిపోయిన రోజు, కుట్టుపని ముగించుకుని, భుజానికి దారపు పోగులు అంటుకునే ఉండగా షాపుకెళ్లింది. షాపాయన అర మొత్తం వెతికాడు.

"ప్యాకెట్ లేదమ్మా."

"అదేంటండీ, ముందే పంపానుగా!"

"పంపారు. ఇదే చీటీ ఆసుపత్రి ఎదురుగా ఉన్న మా షాపుకీ వచ్చింది. అక్కడ తీసుకుంటారులే అని, మీకు కట్టింది ఇంకొకాయనకి ఇచ్చేశా."

"అయితే అక్కడ ఉంటుంది కదా?"

ఆయన ఫోన్ చేశాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ గొంతు తగ్గించాడు.

"వాళ్లూ అలాగే అనుకున్నారమ్మా. ఇక్కడ తీసుకుంటారని, అక్కడిది ఎవరికో ఇచ్చేశారు. మళ్లీ సరుకొచ్చేది వచ్చేవారమే."

కాళ్లావేళ్లా పడింది. లేనిది ఆయన మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తాడు? ఆసుపత్రికి పరిగెత్తితే, తమ దగ్గర ఆ మాత్రలు ఉండవని, మూర్ఛ వస్తే తీసుకురమ్మని చెప్పారు.

ఇంటికొచ్చేసరికి తమ్ముడు గుమ్మంలోనే నవ్వుతూ నిలబడి ఉన్నాడు.

"అక్కా, ఈసారి నన్ను తిట్టడానికి నీకు ఛాన్సే లేదు. అమ్మ కుట్లు విప్పిన రోజే ఆసుపత్రి ఎదురు షాపుకి చీటీ పంపేశా. ప్యాకెట్ కట్టి ఉంచామన్నారు. ఇప్పుడే వెళ్లి తెస్తా."

పుట్టి బుద్ధెరిగాక వాడు ఒక పని ముందుగా చేయడం ఇదే మొదలు.

"చూశావటే!" లోపల్నుంచి అమ్మ గొంతు. "వాడికి బాధ్యత తెలిసొచ్చిందని చెప్పలా? నువ్వే ఊరికే ఆడిపోసుకుంటావు."

తమ్ముడు చెప్పులేసుకుంటున్నాడు.

"వెళ్లకురా," అంది అక్క. "మాత్రలు లేవు. నేను కూడా పంపాను."

జరిగిందంతా చెప్పింది. వాడు నాలుగు తిట్టినా బాగుండేది. తిట్టలేదు. వేసుకున్న చెప్పులు విప్పి గోడ పక్కన పెట్టాడు.

"ఇకనుంచి నువ్వే చూసుకో అక్కా," అన్నాడు.

ఆమె లోపలికెళ్లింది. మాత్ర వేసుకోవడానికి అమ్మ గ్లాసులో నీళ్లు పోసుకుని కూర్చుంది.