చిల్లులు లేని ఆకులు

మొక్కల వ్యాపారంలో నేను మొదట నేర్చుకున్నది ఒకటే: ఆకుకు చిల్లు కనబడితే కొనేవాడు పక్క నర్సరీకి పోతాడు. అందుకే అమ్మకానికి పెట్టిన మొక్కకు పురుగుమందు కొట్టడం నాకు పొద్దున్నే ముఖం కడుక్కోవడం లాంటిది.

మా వదిన సీతాకోకచిలుకల పార్కులో పనిచేస్తుంది. అక్కడ వల కట్టిన పందిట్లో ఒక జాతిని కాపాడుతున్నారు. రెక్కలు విప్పితే జానెడుంటుంది. ముందు రెక్కలు నలుపు, వెనకవి పండిన నిమ్మకాయ రంగు. ఎగురుతుంటే పిట్ట అనుకుంటాం. దాని గొంగళిపురుగు ఈశ్వరి తీగ తప్ప మరో ఆకు ముట్టదు. బయట ఆ తీగలన్నీ నరికేశారు. అందుకని ఆ తీగ కుండీల కోసం వదిన నా దగ్గరికి వచ్చింది.

"మందు కొట్టలేదుగా, మరిదీ?"

ముందురోజే కొట్టాను, అలవాటు కొద్దీ. చెబితే బేరం పోతుంది.

"మీ పురుగులకి విషం పెడతానా వదినా? అల్లుళ్ళలా మేపుకోండి."

"ఒక్క చిల్లు లేదయ్యా! నీ చేతి చలవ," అంది. ఆ మెప్పు కూడా పుచ్చుకున్నాను.

నాలుగోరోజు ఒక డబ్బాతో వచ్చింది. మూత తీస్తే, ముడుచుకుపోయిన పురుగులు.

"నీళ్ళు ఎక్కువ పోశానేమో. చేతులు సరిగా కడుక్కోలేదేమో. పార్కులో అందరూ నాదే తప్పంటున్నారు. ఈ ఏడాది దొరికినవన్నీ ఇవే, మరిదీ."

నా మీద అనుమానపడి తిట్టినా బాగుండేది. తనలోనే తప్పు వెతుక్కుంటోంది.

నర్సరీ వెనక, ఎరువు బస్తాల పక్కన, అమ్ముడుపోదని పడేసిన ఈశ్వరి తీగ ఒకటుంది. ఆకులన్నీ జల్లెడ. నిన్న దాని మీద పురుగులు చూశాను. అచ్చం డబ్బాలోవాటిలాగే నల్లెరుపు ఒళ్ళు, మెత్తటి ముళ్ళు, నడుముకు తెల్ల పట్టీ. చూపిస్తే, అవి ఎందుకు బతికాయో ఆమెకు తెలిసిపోతుంది.

"ఇటు రండి వదినా," అన్నాను.

మోకాళ్ళ మీద కూర్చుని ఆకు తిప్పింది. ముఖం వెలిగింది. అంతలోనే డబ్బా వైపు చూసి, నా వైపు చూసింది.

"దీనికి కొట్టలేదు," అన్నాను. "అమ్మేది కాదుగా. మీకిచ్చినవాటికి కొట్టాను."

ఆమె కుండీని ఎత్తుకుంది. నేను సాయం పట్టబోతే మోచేత్తో తోసేసింది.

"ఈ మాట అక్కడికొచ్చి చెబుదువు గాని. పద."

ఆటోలో కుండీ ఆమె ఒళ్ళో, డబ్బా నా ఒళ్ళో. దారంతా ఆ మూత ఊడకుండా రెండు చేతులతో పట్టుకునే కూర్చున్నాను.