రెండో చెంచా

మిషను తొక్కుతూనే దర్జీ నోరు తెరిచాడు. భార్య ఆ నోట్లో చెంచాడు అవిసె గింజల పొడి వేసి, గ్లాసుతో నీళ్లు అందించింది. రోజూ పొద్దున్నే జరిగే తంతే ఇది. అతను ముఖం చిట్లించి మింగాడు.

"పిట్టల మేత! ఇంకొన్నాళ్లు పోతే నాకు రెక్కలు మొలుస్తాయి."

"మొలవనీండి. దారపు ఉండలకి బజారుకి ఎగిరి వెళ్లొద్దురుగాని."

ముందుగదే వాళ్ల దుకాణం. తలుపుకెదురుగా మిషను, గోడవారగా కత్తిరింపు బల్ల, కిటికీ దగ్గర ఆమె కుర్చీ. కత్తిరించేదీ కుట్టేదీ అతను. కాజాలూ గుండీలూ ఆమెవి. పెళ్లయిన కొత్తలో అతను కుట్టిన కాజా చూసి, "ఇదేంటండీ, ఎలుక కొరికినట్టుంది" అని నవ్వుతూ సూది లాక్కుంది. అంతే, మళ్లీ ఇవ్వలేదు.

కొన్నేళ్ల కిందట అతని గుండె మొరాయించింది. పొడుగాటి కోటు ఒకటి కత్తిరిస్తూ బల్ల మీదే కూలబడ్డాడు. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేసరికి ఆ ఇంటి వంట ఆమె చేతిలో వైద్యమైపోయింది. పక్కింటి నర్సు ఆమెకు అర్థమయ్యేలా చెప్పింది. "కొవ్వంతా ఒకటి కాదక్కా. చలికి గడ్డకట్టేది తగ్గించు. గడ్డకట్టని నూనెలూ, చేపలూ, అవిసె గింజలూ పెట్టు. బావగారి గుండెకు మేలు."

ఆమె ఊరికే నమ్మే రకం కాదు. కరిగించిన వెన్న ఒక గిన్నెలో, పొద్దుతిరుగుడు నూనె ఒక గిన్నెలో పోసి చలిలో కిటికీ గట్టు మీద పెట్టింది. తెల్లారేసరికి వెన్న రాయయింది, నూనె మాత్రం గిన్నె వంచితే హాయిగా జారింది. ఆ రోజు నుంచి పొయ్యి మీద రెండు మూకుళ్లు వెలిశాయి. రెండోది ఎందుకో అతను అడగలేదు. వడ్డించింది తిని, ఉప్పు తక్కువైందని సణిగి, మళ్లీ మిషను దగ్గరికి వెళ్లేవాడు.

ఆ మధ్యాహ్నం కూడా కత్తిరింపు బల్ల మీదే కంచం పెట్టి రెండు కవళ్ల చేపలు వడ్డించింది. "మీరు కానివ్వండి, నేను తర్వాత తింటాను" అంది. తినడం అయ్యాక అతను చేయి కడుక్కోవడానికి వంటింట్లోకి వెళ్లాడు.

ఆమె పొయ్యి దగ్గరే నిలబడి తింటోంది. కంచంలో వెన్నలో వేగిన దుంపలు, అతని కోసమని తీసేసిన గుడ్డు పచ్చసొనలు, నిన్నటి మాడు నూనెలో ముంచిన రొట్టె. అతనికి కూడదన్న ప్రతిదీ ఆ కంచంలో ఉంది. చేప మాత్రం లేదు.

"ఇదేంటే?"

దొంగ దొరికినట్టు నవ్విందామె. "డెయిరీ ఆయన కుట్టుకూలి కింద ఇచ్చే వెన్న పారేయమంటారా ఏంటి? మీకా, పడదు. నాకేం, గుండ్రాయిలా ఉన్నాను."

"మరి చేప?"

"అది మీకే అంతంతమాత్రం."

"గుండె నాకొక్కడికే ఉందా?"

అతని గొంతు పెద్దదయింది. ఈమధ్య బట్టల మూటతో మెట్లెక్కుతూ ఆమె మధ్యలో కూర్చుండిపోవడం, ఎడమ చేయి రుద్దుకుంటూ కాజాలు ఎక్కువయ్యాయనడం గుర్తుకొచ్చాయి. వచ్చినవాడి భుజం ఒకటి పిసరంత వాలితే గుమ్మంలోనే పట్టేసే కన్ను అతనిది. ఇన్నేళ్లూ ఎదురుగా కూర్చున్న మనిషిని ఆ కంటితో ఒక్కసారీ చూడలేదు. అతనికి తన మీద తనకే సిగ్గేసింది.

అలమర నుంచి ఇంకో చెంచా తీసి అవిసె పొడి డబ్బాలో, తన చెంచా పక్కన గుచ్చాడు.

"ఇది నీది. ఇకనించి చేప చెరో సగం. సాయంత్రం నర్సమ్మకి నీ చేయి చూపిద్దాం."

"చాల్లెండి సంబడం," అంది గానీ, ఆమె కళ్లు తడయ్యాయి. "సరే, పిట్టల మేత రేపట్నించి. ఇవాళ కడుపులో చోటు లేదు."

మళ్లీ ఎవరి చోట్లో వాళ్లు కూర్చున్నారు. అతను మిషను మోతలోనే మాట్లాడుతూ పోయాడు. డెయిరీ ఆయనకు వెన్న వద్దని చెప్పేస్తానన్నాడు. ఆమె "ఊఁ" అంది. మెట్లెక్కే పని ఇక తనదేనన్నాడు. దానికీ "ఊఁ" అంది. కుట్టు చివరికొచ్చాక, "కాజాలింకా ఉన్నాయా?" అని అడిగి తలెత్తి చూశాడు.

ఆమె తల కిటికీ చెక్కకు ఆనుకుని ఉంది. ఒళ్లో కోటు, వేళ్ల మధ్య సూది. పాపం, అలసిపోయి కునుకు తీస్తోందనుకున్నాడు. మోతకు లేస్తుందని మిషను ఆపేసి, మిగిలిన అంచు చేత్తోనే కుట్టాడు. దగ్గొస్తే గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. ఎండ జరిగి ఆమె ముఖం మీద పడితే, పరదా లాగుదామని లేచాడు. సూది గుచ్చుకుంటుందేమోనని తీయబోతే ఆమె వేళ్లు చల్లగా తగిలాయి.

అతని కేక విని పక్కింటి నర్సు పరిగెత్తుకొచ్చింది. మణికట్టు పట్టుకుని చూసి అలాగే నేల మీద కూర్చుండిపోయింది. అతను ఆ ఎడమ చేయి సంగతి చెప్పాడు. "చేయి నొప్పని నాతో ఒక్క మాటైనా అనలేదు బావగారూ," అంటూ ఏడ్చింది.

అంతా అయిపోయి, వచ్చినవాళ్లు వెళ్లిపోయాక, ఒక పొద్దున అతను మళ్లీ మిషను ముందు కూర్చున్నాడు. రెండు కుట్లు వేశాడో లేదో, అలవాటు కొద్దీ నోరు తెరుచుకుంది. కాసేపు అలాగే ఉండి, లేచి వంటింట్లోకి నడిచాడు. ఒక చెంచా పొడి నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, ఏ వంకా పెట్టకుండా మింగాడు. డబ్బాలో రెండో చెంచా, అతను గుచ్చిన చోటే, పొడిలో నిటారుగా నిలబడి ఉంది.